నలుగురికి ఒక్క మెడ

శనివారం పొద్దున ఆరున్నరకు కాచిగూడ స్టేషన్‌ చేరాను. స్కూటీని స్టాండులోకి తిప్పుతుంటే వెనక ఆటో ఒకటి కీచుమని ఆగింది. "అమ్మా, ఎనక సూసుకోవా?" అని అరిచాడు ఆటో అతను. నాకు ఒళ్ళు మండింది. ముప్పై నాలుగేళ్ళు సర్కారు బడిలో డ్రిల్ టీచర్‌గా చేశాను. అరవై ఆరేళ్ళొచ్చినా రోజూ పార్కులో నాలుగు చుట్లు నడుస్తాను. నాకా చెప్పేది! "నీ కండ్లు ఎక్కడ పెట్టుకున్నవ్?" అని అతణ్ణి దులిపేసి టికెట్ కౌంటర్ వైపు నడిచాను.

నా ప్రయాణం రెంజల్ మండలంలో ఒక పల్లెలో ఉంటున్న మా అన్న సామ్యేల్ ఇంటికి. మూడు రోజుల కింద వదిన శాంతమ్మ ఫోన్ చేసింది. "రూతమ్మా, మీ అన్న కారు తోలుతుంటె నాకు పానం దడదడ అంటుంది. నా మాట ఇనడు. నువ్వొచ్చి తాళం గుంజుకపో" అంది. నేను నవ్వేశాను. అన్నకు డెబ్బై అయిదేళ్ళు నిజమే. కానీ బోధన్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ చెరకు లారీ తోలినవాడు, ఒక్కసారి కూడా ఎవరికీ దెబ్బ తగలనివ్వలేదు. వదినకు మొదటి నుంచీ భయమెక్కువ. అయినా అన్నను చూసి ఏడాదైంది కదా అని బయల్దేరాను.

రైలు ఏడుంపావుకు కదిలింది. కిటికీ పక్క సీటే దొరికింది. మేడ్చల్ దాటాక ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీలు తిన్నాను. కామారెడ్డిలో చాయ్ తాగాను, ఉత్త వేడినీళ్ళు. అక్కడే వెనక సీటులోంచి ఒకామె, "అక్కా, నిజామాబాద్ ఎన్నిటికొస్తది?" అని అడిగింది. నేను లేచి నిలబడి, పూర్తిగా అటు తిరిగి, పదిన్నర దాటుతుందని చెప్పాను. "కూసోని చెప్తె సాలు గదక్కా" అని నవ్విందామె. పెద్దవాళ్ళం కదా, మర్యాద ఉండాలి అనుకున్నాను.

నిజామాబాద్‌లో దిగేసరికి పదీ నలభై. స్టేషన్ నుంచి బస్టాండు నడిచిపోయేంత దూరమే, ఆటో అక్కర్లేదు. బోధన్ బస్సులో ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ చింపి ఇచ్చింది. నా పక్కన కూర్చున్న ముసలమ్మ అవతలి రాష్ట్రం నుంచి సంతకు వచ్చిందట, దారి పొడవునా మరాఠీలో కోడలి మీద చెప్పింది. సగం అర్థం కాకపోయినా తల ఊపాను. దారిలో వరి పొలాలు, పసుపు చేలు కనిపించాయి కానీ చెరకు మాత్రం ఎక్కడో ఒక మడి. బోధన్ చేరేసరికి పన్నెండు కావస్తోంది.

అన్న కారు బస్టాండు బయట ఉంది. వదిన ముందు సీట్లో, నేను వెనక. "మంచిగున్నవా చెల్లె?" అన్నాడు అన్న, అద్దంలోంచి చూస్తూ. ఏడాది తర్వాత వచ్చిన చెల్లెల్ని తల తిప్పి చూడలేదేమా అనిపించింది. కారు కదిలింది. "ఎడమకు సైకిల్" అంది వదిన. కాసేపటికి, "పోయింది, పోనియ్" అంది. చౌరస్తాలో, "ఆగు, ఆగు, బస్సు" అంది.

"ఎందుకు వదినా, అన్నకు కనవడదా?" అన్నాను.

"కండ్లు మంచిగనే ఉన్నయి. మెడ తిరగది" అంది వదిన.

"రెండేండ్లాయె, జర పట్టేసింది. మీ వదిన ఉన్నది గదా" అన్నాడు అన్న, చలికాలం స్వెట్టర్ సంగతి చెప్పినంత తేలిగ్గా. రెండేళ్ళుగా ఈ మనిషి పక్కకు చూడకుండా కారు నడుపుతున్నాడు!

అసలు సంగతి ఆదివారం పొద్దున తెలిసింది. ఎనిమిదింటికి ఇద్దరు వచ్చి కారెక్కారు. దావీదు బాపుకు ఎనభై రెండు, అన్న వెనకాల కుడి పక్కన కూర్చున్నాడు. మార్తవ్వకు డెబ్బై ఎనిమిది, ఎడమ పక్కన కూర్చుంది. నడుమ నేను. ఆదివారం పొద్దున బస్సు రాదు కాబట్టి బోధన్‌లో చర్చికి వీళ్ళను తీసుకుపోయేది అన్నే. అది ఊరికే ఎక్కించుకోవడం కాదు, ఒక్కొక్కరికీ ఒక డ్యూటీ ఉంది. వదిన ఎడమ వైపు చూడాలి. దావీదు బాపు కుడి వైపు చూడాలి. కారు వెనక్కి తీస్తే మార్తవ్వ చూడాలి.

"ఏమన్న వస్తె చెప్తరు. రాకుంటె సప్పుడు చెయ్యరు. సప్పుడు లేకుంటె నేను పోత" అన్నాడు అన్న గర్వంగా. లారీ మీద క్లీనర్‌తో అలాగే నడిచేదట. క్లీనర్ పాతికేళ్ళ కుర్రాడై ఉంటాడు కదన్నా అందామనుకున్నాను. కానీ అప్పటికే ఆలస్యమైంది, అదీ నావల్లే. చీర పిన్ను దొరకక పావుగంట వెతికాను. ఎప్పుడూ ఇంటి ముందు చేసే ప్రార్థన ఆ రోజు నడుస్తున్న కారులో మొదలుపెట్టారు.

దావీదు బాపు ప్రార్థనలో ఊరిని, వానలను, నా ప్రయాణాన్ని, నా మోకాళ్ళను కూడా తలుచుకున్నాడు. చివర, "ఇగ ఎవల మనసుల వాళ్ళు చేసుకోండ్రి" అన్నాడు. అన్న తప్ప అందరం తలలు వంచి కళ్ళు మూసుకున్నాం. కారంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే కారు పల్లె దారి దాటి మెయిన్ రోడ్డుకు వచ్చింది.

ఎందుకు కళ్ళు తెరిచానో తెలియదు. కుడి వైపు నుంచి పసుపు బస్తాల ట్రాక్టర్ మా మీదికి వస్తోంది. అన్న నేరుగా ముందుకు చూస్తూ రోడ్డు మీదికి పోనిస్తున్నాడు. "అన్నా, బ్రేకు!" అని కేకపెట్టాను. అన్న కాలు లేచింది కానీ బ్రేకు మీదికి వెంటనే రాలేదు. ఆ కాలు పెడల్ వెతుక్కున్న క్షణం నేను చచ్చేదాకా మరిచిపోను. ట్రాక్టరతను బండిని మట్టిలోకి తిప్పేశాడు. రెండు బస్తాలు దొర్లి రోడ్డు మీద పడ్డాయి. దావీదు బాపు కిటికీకీ ట్రాక్టర్ చక్రానికీ మధ్య నా చెయ్యి పట్టేంత సందు ఉంది, అంతే.

ట్రాక్టరతను దిగి వచ్చాడు. "ఓ పెద్దమనిషీ, ఇటు సూస్తలేవా? అందరు సచ్చేటోళ్ళు గదనే!"

అన్న అతని వైపు చూడలేదు, చూడలేడు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, "ఎవరు సప్పుడు చెయ్యలె. ఖాళీ ఉందనుకున్న" అన్నాడు. ఆ మాటకు వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ట్రాక్టరతనే కారును పక్కకు పెట్టాడు. బస్తాలు ఎత్తడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. షేరింగ్ ఆటోలో చర్చికి పోయాం. పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క ముక్క నా చెవిన పడలేదు.

మధ్యాహ్నం వాకిట్లో కుర్చీ వేసి అన్నను కూర్చోబెట్టాను. వెనక నిలబడి వేళ్ళు చూపించి, "నడుము కదలకుండ తిరిగి చూడు, ఎన్ని?" అన్నాను. గడ్డం భుజం దాకా రానే లేదు. "చెయ్యే కనవడ్తలేదు, వేళ్ళెక్కడివి?" అన్నాడు. కాలి మడమ నేల మీద ఉంచి పాదాన్ని అటూ ఇటూ తిప్పమన్నాను. నాలుగోసారికే ఆయాసపడ్డాడు. ముప్పై ఏళ్ళు లారీ తోలిన కాలు అది! నాకు ఏడుపొచ్చింది.

"ఇగ బండి బంద్ చెయ్యమంటవా? వీళ్ళను ఎవరు తీస్కపోతరు?" అన్నాడు అన్న. గొంతులో కోపం లేదు, అదే నన్ను కోసేసింది.

ఒప్పందం ఇలా కుదిరింది. ముందు డాక్టరుకు మెడ, కళ్ళు చూపించుకోవాలి. ఆయన సరేనంటే రోజూ రెండు పూటలా మెడ మెల్లగా తిప్పాలి, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవాలి, పాదాలు ఆడించాలి. వెనక చూపిన వేళ్ళు రెండు వైపులా లెక్కపెట్టిన రోజు, డాక్టరు సరేనంటేనే కారు. అందాకా తాళం నా దగ్గర, చర్చికి షేరింగ్ ఆటో. మార్తవ్వ కూడా కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుంది. "నలుగురికి ఒక్క మెడ ఉండె. ఇగ ఎవల మెడ వాళ్ళం తిప్పుకుందాం" అంది.

సోమవారం పొద్దున నేను బ్యాగు సర్దుతుంటే వదిన నవ్వుతూ కుర్చీ జరిపింది. "నువ్వు గూడ కూసో రూతమ్మా, నీకెన్ని కనవడ్తయో చూత్తం."

"నాకేంది వదినా, రోజు నడుస్త. బస్సు టైమాయె" అని బయటపడ్డాను.

నిజామాబాద్‌లో పదకొండింటి రైలు దొరికింది. కామారెడ్డి దాటాక వెనక నుంచి ఎవరో, "మేడం, మీ బ్యాగు జిప్పు తెరిచుంది" అన్నారు. నేను లేచి పూర్తిగా అటు తిరగబోయి, సగంలో ఆగాను. సీటు పట్టుకుని అలాగే కాసేపు నిలబడ్డాను. మెల్లగా కూర్చున్నాను. నడుము కదలకుండా, గడ్డాన్ని కుడి భుజం వైపు తిప్పాను. కిటికీ చువ్వ కనిపించింది. వెనక సీటు కనిపించలేదు. ఎడమకు తిప్పాను. ఇంకా తక్కువ.

పార్కులో నాలుగు చుట్లూ నేను ముందుకే చూస్తూ నడిచాను, ఇన్నేళ్ళూ. వేల మంది పిల్లలకు "మెడ కుడికి, మెడ ఎడమకు" అని విజిల్ ఊదినదాన్ని. శనివారం ఆ ఆటోను నేను చూడలేదు. చూడకుండానే అతణ్ణి తిట్టాను.

రెండున్నరకు కాచిగూడలో దిగాను. స్టాండులో స్కూటీ పెట్టినచోటే ఉంది. అన్న ఫోన్ చేశాడు. "చేరినవా చెల్లె? తాళం పైలమేనా?"

"రెండు తాళాలు పైలమే అన్నా" అన్నాను.

"రెండోది ఎవలది?"

"నాది" అని చెప్పి సిటీ బస్సెక్కాను.