కోడలి బ్లాగులో రెండో పేజీ

2009 జనవరి 24, శనివారం. మణుగూరు. సాయంత్రం, మా ఇంటి ముందు గది.

హాజరు: మా చర్చి సంఘం పాస్టరు అయ్యగారు. కోశాధికారి. స్త్రీల సమాజం అధ్యక్షురాలు. నా భార్య. మా కోడలు. నాలుగేళ్ల మనవరాలు, కాసేపు. సంఘ కార్యదర్శిగా నేను.

గైర్హాజరు: మా అబ్బాయి. ఆ రోజు వారపు సెలవు. అయినా ఇంకొకరితో మార్చుకుని రెండో షిఫ్టుకు వెళ్లాడు.

బొగ్గు బావి టైం ఆఫీసులో ఉద్యోగమంతా ఇతరుల మస్టర్లు రాస్తూ గడిపినవాణ్ణి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది ముందు రాయకపోతే నాకు తర్వాతి మాట కదలదు. ఆ అలవాటే డైరీకీ అంటుకుంది. ఆనాటి పేజీలో మా అబ్బాయి ఎదుట రాసిన గైర్హాజరును దిద్దడానికి ఇన్నేళ్లలో నాకు కారణమేదీ దొరకలేదు.

అయ్యగారు వచ్చింది మా కోడలి బ్లాగు గురించి.

మా కోడలు అడవి అవతలి గూడెం పిల్ల. కోయవారి ఇంట పుట్టింది. హాస్టల్లో చదువుకుంటూ ప్రభువును నమ్ముకుని, బాప్తిస్మం మా సంఘంలోనే తీసుకుంది. ఆ రోజు అయ్యగారు ఆమెను నీళ్లలోంచి లేపి, "ఈ అడవిలోంచి దేవుడు మనకిచ్చిన ప్రథమ ఫలం" అన్నారు. తర్వాత మా అబ్బాయి ఇష్టపడి చేసుకున్నాడు. పెళ్లయినా, బిడ్డ పుట్టినా ఆ బిరుదు ఆమెను వదల్లేదు. ఎక్కడి నుంచి ఏ బోధకుడు వచ్చినా ఆమెను లేపి నిలబెట్టి చూపించేవారు, పెరట్లో కాసిన పెద్ద గుమ్మడికాయను చుట్టాలకు చూపించినట్టు.

పెళ్లికి ముందు ఆమె భద్రాచలంలో కంప్యూటర్ కోర్సు చేసింది. పాప పుట్టాక మా ఇంట్లో కంప్యూటర్ వచ్చింది, నెట్ వచ్చింది, మధ్యాహ్నం పాప పడుకున్న వేళల్లో బ్లాగు వచ్చింది. ఊరి పేరు, మనుషుల పేర్లు ఉండేవి కావు. ఉదయం కుటుంబ ప్రార్థనలో తనకు కునుకు పట్టడం, ఎన్నిసార్లు ఉతికినా పరదాల్లోంచి వదలని బొగ్గు దుమ్ము, "యేసయ్యకు అమ్మమ్మ ఉందా?" అని పాప అడిగిన ప్రశ్న. అట్లాంటివి రాసేది. దేవుడి మీద అనుమానం వచ్చిన రోజు అనుమానమనే రాసేది.

ఒకసారి వాళ్ల అత్తగారి ప్రార్థన గురించి రాసింది. నా భార్య బియ్యం పొయ్యి మీద పెట్టి మోకరిస్తుంది. వాసన వస్తే, "ప్రభువా, అన్నం మాడుతుంది, మిగిలినయి రేపు చెప్త" అని లేస్తుంది. అది చదివి వినిపించినప్పుడు నా భార్య మండిపడింది.

"నా ప్రార్థనను గంజి పారబోసినట్టు బజార్ల పారబోసింది చూడు."

నాలుగు రోజులకు ఎవరో తెలియనివాళ్లు, "మీ అత్తగారికి మా నమస్కారాలు, మా అమ్మా ఇంతే" అని కామెంట్లు పెట్టారు. అప్పటి నుంచి పొద్దున లేవగానే, "ఇయ్యాల నా గురించి ఎవలన్న ఏమన్న రాసిండ్రా?" అని ఆమే అడిగేది.

నేను అచ్చుతప్పులు చూసేవాణ్ణి. నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. నా డైరీలో వాన పడింది అని ఉంటుంది, ఫలానాయన పోయాడు అని ఉంటుంది. ఆమె రాతలో ఆ రోజు మా ఇల్లు ఉండేది. ఆ తేడా నాకు తెలుసు. నొప్పిగానే తెలుసు.

ఆ జనవరిలో ఆమె పాపను తీసుకుని పుట్టింటికి వెళ్లొచ్చి, చిక్కుడు కొత్త గురించి ఒక పోస్టు రాసింది. కొత్త అంటే గూడెంలో కొత్త పంట తినే పండుగ. తీగ నిండా చిక్కుడు కాసినా, ఆ పండుగ చేసేదాకా ఒక్క కాయ నోట్లో పెట్టుకోరు. ముందు వేల్పుకు పెట్టాలి, చనిపోయిన పెద్దలకు పెట్టాలి. తర్వాతే మనుషులు. మా సంఘంలోనూ కోత పండుగ ఉంది. మొదటి పంట తెచ్చి బల్ల ముందు పెడతాం, ఆరాధన అయ్యాక వేలం వేస్తాం. ఆ ఏడు మా కోత పండుగ జనవరి 25, ఆదివారం. అయ్యగారు మా ఇంటికి వచ్చిన మర్నాడే.

ఖమ్మంలో చదువుకుంటున్న కోశాధికారి కూతురు ఆ పోస్టు చదివి, ఇది ఎవరి ఇల్లో గుర్తుపట్టింది. తండ్రికి చెప్పింది. ఆయన నెట్ సెంటర్‌కు పోయి ప్రింటు తీయించాడు. మొదటి పేజీ బయటికి వచ్చాక కరెంటు పోయిందట. ఆ ఒక్క పేజీని మడిచి జేబులో పెట్టుకుని సంఘమంతా తిప్పాడు. పాపను పండుగకు తీసుకుపోయాను, మా అమ్మ వండిన కొత్త చిక్కుడు తిన్నాను అన్నంతవరకే అందులో ఉంది.

అయ్యగారు ఆ కాగితం బల్ల మీద పరిచారు. ఆయనది కోస్తా వైపు మాట.

"అమ్మా, ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే రాసిన, అయ్యగారూ."

"విగ్రహాలకు పెట్టింది తిన్నవ్," అన్నాడు కోశాధికారి. "తింటె తిన్నవ్ గని, లోకమంత చాటింపేసుడు ఎందుకు బిడ్డా?"

"సండే స్కూల్ పిల్లలకు ఇగ ఏం చెప్తది?" అంది అధ్యక్షురాలు. ఆమె మా కోడలితో కాకుండా గోడ మీది క్యాలెండరుతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

తీర్మానం వాళ్లు ఇంటి దగ్గరే చేసుకుని వచ్చారు. రేపు ప్రభు బల్లకు ముందు మా కోడలు సంఘం ఎదుట నిలబడి తప్పు ఒప్పుకోవాలి. బ్లాగు తీసేయాలి. లేకపోతే బల్లలో చెయ్యి వేయకూడదు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదు; సండే స్కూల్ చెప్పకూడదు.

అంతవరకు తలుపు పక్కన నిలబడిన నా భార్య ముందుకొచ్చింది.

"అన్నా, వంకాయ కొంటె తొడిమ చూసి సంచిల ఏసుకుంటవా, తిప్పి చూడవా? ఒక్క కాయితం పట్టుకొచ్చి పంచాయతి పెడ్తివి. రెండో పేజీ ఏది?"

"వద్దు అత్తమ్మా," అంది కోడలు.

"ఎందుకు వద్దు? నువ్వు మంచిగ రాసినవ్. పెట్టు, చదవనియ్."

"అత్తమ్మా, వద్దంటున్న గదా."

నా భార్య వినలేదు. బ్లాగు తెరవడం ఆమెకు వచ్చు. తన గురించిన కామెంట్ల కోసం నేర్చుకుంది. తెరిచి, కుర్చీ లాగి అయ్యగారిని కూర్చోబెట్టింది. ఆయన పైకే చదివారు.

"అమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. వేల్పుకు ఇంకా పెట్టలేదు. కుండ మూత తీసి మొదటి గరిటె నాకూ పాపకూ ఆకులో పెట్టింది. 'మీ దేవుడు వేల్పు ఎంగిలి తినొద్దన్నడు గద. జల్దీ తినుండ్రి, ఎవలకు చెప్పకుండ్రి' అంది. నాకు తెలిసి, కొత్తకు ముందు మా అమ్మ ఆ మూత తీయడం అదే మొదటిసారి. ముద్ద మింగుడు పడలేదు. నేను నా దేవుడి ముందు తప్పు చేయకుండా ఉండాలని, మా అమ్మ తన దేవుడి ముందు తప్పు చేసింది."

గొడవ తీరిపోయిందనుకుని నేను పెన్ను మూత పెట్టాను. అయ్యగారి కళ్లు తడిశాయి. అవి దొంగ కన్నీళ్లని నేను అనను.

"హల్లెలూయా! అమ్మా, ఇది తప్పెట్లా అవుతుంది? ఇది సాక్ష్యం! రేపు కోత పండుగలో మైకు పట్టుకుని ఇదే చెప్పు. అడవిలో ఒక తల్లి తన వేల్పును పక్కకు నెట్టి, మొదటి ముద్ద మన దేవుడి బిడ్డకు పెట్టింది!"

"ఖమ్మం నుంచి పెద్దయ్యగారు గూడ వస్తున్నరు," అన్నాడు కోశాధికారి. అరగంట క్రితం చాటింపు ఎందుకని అడిగింది ఈయనే. "మస్తుగుంటది. ఇగ క్షమాపణ గిట్ల ఏం అవసరం లేదు బిడ్డా."

కోడలు లేచి నిలబడింది.

"మా అమ్మ నెట్టలే అయ్యగారూ. నాకు పెట్టింది, గంతే."

"అదేనమ్మా సాక్ష్యమంటే."

"రేపు వేలంకు మా గూడెపోళ్లు వస్తరు. మైకుల చెప్తే పొద్దు గూకేసరికి మా అమ్మ గుమ్మం కాడ పంచాయతి ఉంటది. కొత్త చెడగొట్టిందంటరు. ఇగ ఈ ఏడు ఎవలింట్ల ఎద్దు పడ్డా, పోరనికి జరమొచ్చినా మా అమ్మ మీదనే ఏస్తరు."

"మరి నువ్వే ఇందులో రాశావు కదా?"

"అవ్, రాసిన. ఆడ చదివెటోళ్లకు మేం ఎవలమో తెల్వదు."

"ప్రభువు కోసం నింద భరించడం ధన్యత అమ్మా."

"భరించేది మా అమ్మ గదా అయ్యగారూ. ఆమెకు ఆ ప్రభువు ఎవలో తెల్వదు."

అయ్యగారు బల్ల మీది కాగితాన్ని అందుకున్నారు. ఆయన ఇంతకన్నా మంచివారై ఉంటే అక్కడే లేచి ఇంటికి వెళ్లిపోయేవారని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి, మెల్లగా చెప్పారు.

"అమ్మా, మొదటి పేజీ సంఘమంతా చదివింది. రెండోది నువ్వు చెప్పకపోతే వాళ్లకు మొదటిదే మిగులుతుంది. నేను ఏమీ చేయలేను."

"మొదటిదే ఉండనియ్యుండ్రి," అంది కోడలు. "వేల్పుకు పెట్టింది తిన్న, తప్పయింది అని చెప్త. రెండోది ఈ గది దాటొద్దు."

"అయ్యగారూ, ఆమె చేయని తప్పు ఆమెతో ఒప్పిస్తున్నాం. ప్రభు బల్ల ముందు అబద్ధం చెప్పిస్తున్నాం," అన్నాను నేను.

"ఆమే చెప్తానంటోంది కదా," అన్నారు ఆయన.

"అన్నా, నువ్వు రాసుడు రాయి," అన్నాడు కోశాధికారి.

ముగింపు ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లారు. అధ్యక్షురాలు చక్కెర కొంచెం తగ్గిందన్నది. నా భార్య ఆ గ్లాసులు కడగకుండా వాకిట్లో బోర్లించి, కోడలి దగ్గరికి పోయి కూర్చుంది.

"మీరు నా దిక్కే మాట్లాడిండ్రు అత్తమ్మా," అంది కోడలు. కోపంగా అని ఉంటే నా భార్యకు సులువయ్యేది.

మరునాడు తెల్లవారి ప్రార్థనకు లేచేసరికి కోడలు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. బ్లాగు తీసేసింది. ఆ ఒక్క పోస్టు కాదు, మొదటి నుంచి మొత్తం. పరదాలు, కునుకుపాట్లు, మాడిన అన్నం, పాప ప్రశ్నలు అన్నీ.

"మొత్తం ఎందుకమ్మా?" అన్నాను.

"కొంచెం ఉంచితే మళ్ల ఎవలో ఒక పేజీ పట్టుకొస్తరు మామయ్యా."

మా అబ్బాయి నిద్ర లేచి వచ్చి, సంగతి విని, "పోనీ, లొల్లి తీరింది గద" అన్నాడు. ఆమె అతనికి టీ ఇచ్చింది.

గుడి నిండా వరి కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఖమ్మం పెద్దయ్యగారు ముందు కుర్చీలో ఉన్నారు. మా కోడలు తెల్లచీర కట్టుకుని వచ్చి, మైకు దూరంగా జరిపి, "వేల్పుకు పెట్టింది తిన్నాను. తప్పయింది. క్షమించండి" అంది. అంతకన్నా ఒక్క మాట చెప్పలేదు. స్త్రీల వైపు కొందరు కళ్లు తుడుచుకున్నారు. అయ్యగారు తప్పిపోయిన గొర్రె గురించి చాలాసేపు మాట్లాడారు. మా అబ్బాయి వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. హాజరే.

రొట్టె పళ్లెం మా కోడలి దాకా వచ్చింది. ఇప్పుడు ఆమెకు అనుమతి ఉంది. ఆమె అందుకుని, తుంచుకోకుండా పక్కామెకు ఇచ్చేసింది. ఎవరూ గమనించలేదు. మస్టరు రాసిన కళ్లు కాబట్టి నాకు కనిపించింది.

ఆరాధన అయ్యాక వాకిట్లో వేలం మొదలైంది. కోడలు పాపను ఎత్తుకుని నా పక్కన నిలబడింది. గూడెం నుంచి వచ్చిన ఒక ముసలామె, మా కోడలికి పెద్దమ్మ వరుస, జనాన్ని తోసుకుని మా దగ్గరికి వచ్చింది. నేను పక్కన ఉన్నందుకేమో, వాళ్ల భాషలో కాకుండా తెలుగులోనే అడిగింది.

"గంత మంది ముంగట తప్పయిందంటివి. ఏం చేసినవే బిడ్డా?"

"మా అమ్మోళ్ల ఇంటికాడ చిక్కుడు తిన్న పెద్దమ్మా."

ముసలామె ముఖం బిగుసుకుంది.

"కొత్త కాకముందా?"

"లే, లే. అయినంకనే. అందరితోనే తిన్న."

"మరి తప్పేంది?" ముసలామె పకపకా నవ్వింది. "పిచ్చి పోరి" అని కోడలి చెంప తట్టి, కోడిపుంజు వేలంపాట పెరుగుతున్న వైపు వెళ్లిపోయింది.

ముసలామె మాట్లాడినంతసేపూ మా కోడలి అరచెయ్యి పాప నోటి మీదే ఉంది.