గడప లోపలి కదిలే బండ

నిన్న ఆళ్లగడ్డలో మా పాపను అంగన్‌వాడీలో చేర్చడానికి వెళ్తే, గడప లోపల బండ ఒకటి కాలి కింద టక్కున కదిలింది. నంద్యాలలో నాతో బాలవాడికి వచ్చినవాళ్లు ఎవరైనా ఇది చదువుతున్నారా? మన బండ గుర్తుందా?

మనతో చాప మీద కూర్చునే లక్ష్మికి చెవులు వినపడవు. "ఎనకనించి పట్టుకోవద్దండి, బిడ్డ జడుసుకుంటాది. బండ తొక్కండి, తనే తిరిగి చూస్తాది" అని టీచరమ్మ వచ్చినవాళ్లందరికీ నేర్పింది. అందుకే ఆ బండను ఎవరినీ సరిచేయనివ్వలేదు. చాప కిందకు అదురు రాగానే లక్ష్మి తిరిగి నవ్వి, వచ్చినవాళ్ల కోసం పక్కకు జరిగేది.

నేనెన్నిసార్లు బండ తొక్కి తలుపు చాటున దాక్కున్నానో! పిచ్చిది, ప్రతిసారీ జరిగేది.

ఒకరోజు మనమంతా చాప మీదే ఉన్నాం. బండ దానంతటదే టక్కుమంది. లక్ష్మి తిరిగి నవ్వి, జరిగి, తన గుగ్గిళ్లలో సగం ఆ ఖాళీ చోట పెట్టింది. నేను మళ్లీ ఆ ఆట ఆడలేదు.

మా పాపకూ వినపడదు. నిన్న గడపకు వీపు పెట్టి చాప మీద కూర్చుంది.

"రేపు మేస్త్రీ వస్తాండాడక్కా, ఆ బండ సరిచేపిస్తాం" అంది అంగన్‌వాడీ ఆయమ్మ.

"వద్దమ్మా, ఉండనీ. మా పాపను దాంతోనే పిలవాల" అని, ఎలాగో చూపించడానికి కాలెత్తాను.

పాప తిరిగింది. నన్ను కాదు, నా పక్కన ఎవరూ లేని చోటు చూసి నవ్వింది. జరిగి చోటిచ్చింది.

నా కాలు ఇంకా గాల్లోనే ఉంది.