బయట చేరిన రోజున అయాపానా ఆకు

ఈ దీవిలో పాంప్లెమూస్ ఊరి దగ్గర చెరకు తోట కూలీల గుడిసెల్లోకి నేను కోడలిగా అడుగుపెట్టిన ఏడాదే మా అత్త నన్ను రోగిష్టిదని తేల్చేసింది. నెలనెలా బయట చేరిన మొదటి రోజు కడుపు మెలిపెట్టేసేది. లేవలేకపోయేదాన్ని. అత్త నల్లనువ్వులు, శొంఠి, బెల్లం కలిపి దంచి ఉండ చేసి మింగమనేది. మింగేదాన్ని. నొప్పి నొప్పిలాగే ఉండేది, పైగా వేడి చేసి ముక్కులోంచి రక్తం కారేది.

"అక్కడ సాలదని ఇక్కడ కూడానా?" అనేది అత్త.

వకోవా ఊళ్లో ఆవిడ తమ్ముడికి పెళ్లీడు కూతురుంది. "వచ్చే కోతలకీ ఇది ఇలాగే పడుంటే, ఆ పిల్లని తెచ్చి నా కొడుక్కి ఇంకో పెళ్లి సేసేస్తాను" అని నాకు వినబడేటట్టు గోడతో చెప్పేది. మా ఆయన ఆ గోడ పక్కనే కూర్చుని పాదంలో ముల్లు తీసుకుంటూ ఉండేవాడు. ఆయన అభిప్రాయం ఏమిటో ఆ ముల్లుకే తెలియాలి.

పక్క గుడిసెలో ఉండే ఈ దీవి క్రియోల్ ముసలమ్మ నా అవస్థ చూసి, కడుపులో ఏ బాధకైనా మందని ఓ అయాపానా మొక్క కొమ్మ ఇచ్చింది. "తిజాన్ కాచుకో" అంది. తిజానంటే కషాయం. కొమ్మని పెరట్లో పాతాను. బతికి గుబురుగా పెరిగింది. చిక్కల్లా ఒకటే. బయట చేరిన ఆడది ముట్టుకుంటే మొక్క మాడి చస్తుందని మావాళ్ల నమ్మకం. మందు కావాల్సిన రోజునే మందు మొక్క దగ్గరికి పోకూడదు. ఏం తెలివో! ముందే కోసి పెట్టుకుందామంటే, నా నెల ఎప్పుడూ చెప్పి వచ్చిన పాపాన పోలేదు.

మర్నాడు మాత్రం అవే చేతులతో దొరగారి చెరకు నరకడానికి పోవాలి. చెరక్కి అంటు లేదు. నేను ముట్టిన చెరకంతా చచ్చి ఉంటే ఈ దీవిలో పంచదారే ఉండేది కాదు.

అత్తా, మా ఆయనా తెల్లారకముందే తోటకి పోయేవారు. ఇంట్లో మిగిలేది మా మావ. కాలు విరిగాక పని మానేసి, సాయంత్రాలు రామభజన నడిపేవాడు. కోడలు ఆయనకి ఎదురుపడకూడదు, మాట్లాడకూడదు. ఓ నెల నేను బయట చేరి వెనక చూరు కింద మూలుగుతూ పడుంటే కర్ర చప్పుడైంది. తల తిప్పేసరికి గడప మీద పొగలు కక్కుతూ ఆకు కషాయం గిన్నె ఉంది. మనిషి లేడు. లోపల్నుంచి, నాకేం తెలీదన్నట్టు, రామనామం గట్టిగా వినిపిస్తోంది. ఆ తర్వాత నెలనెలా అదే తంతు. నొప్పి కాస్త సర్దుకునేది. ఆకు మహిమో, నాకోసం ఒకరు కాచారన్న ధైర్యమో, నన్నడక్కండి.

అయినా లేచి తిరిగేంత కాదు. కోతలు దగ్గరపడ్డాయి. వకోవా వాళ్లు ఆదివారం వస్తున్నారని అత్త గోడతో చెప్పింది.

ఆ వారమే మావకి వాంతులు పట్టుకున్నాయి. సరిగ్గా ఆ రోజే నేను బయట చేరాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. కర్ర చప్పుడు లేదు, రామనామం లేదు. నాకు భయమేసింది. ఆయన పోతే ఈ ఇంట్లో నాకెవరు? అంటూ లేదు, గింటూ లేదు. లేచి పోయి గుప్పెడాకు దూసి, పొయ్యి ముట్టించి కాచి, గడప దాటి ఆయన చేతికే ఇచ్చాను. ఆయన నాకేసి చూశాడు. గిన్నెకేసి చూశాడు. నేను చూరు కింద మనిషినని ఆయనకి తెలుసు. తాగేశాడు.

సాయంత్రం అత్త పొయ్యి పక్కన కాచిన ఆకు పిప్పి చూసింది. "ఆకు ఎవలు కోసినారు?"

"కోడలు" అన్నాడు మావ మంచం మీంచి.

"అది బయటుంది గదా!"

"ఉంది. నాను తాగినాను. నీ తమ్ముడికి కబురెట్టు, ఆదోరం రావొద్దని."

చూరు కింద కూర్చుని అంతా విన్నాను. ఏడుపు ఆగలేదు.

అత్త రోజూ పొద్దున్నే పోయి ఆ మొక్క చచ్చిందేమోనని చూసొచ్చేది. అది కొత్త చిగుళ్లు వేసింది. మరుసటి నెల తోటకి పోతూ పోతూ చూరు కింద నా దగ్గర ఆగింది. గోడతో కాదు, నాతోనే అంది.

"ఏటలా మూలుగుతావు? ఆకు అక్కడే ఉంది గదా, సేతుల్నేవా?"