రాయికి కాపలా

మొన్న మెకానిక్ షెడ్డులో కిరోసిన్‌లో నానిన తుప్పు వాసన తగలగానే, అక్క మీద నలభై ఏళ్ల కిందటి కుళ్ళు మళ్ళీ పొంగింది.

అప్పట్లో ఉక్కు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్‌లో, వాలుగా ఉండే మా వీధిలో, నాన్న పాత జీపు కింద దూరి ఇంజను నుంచి చక్రాలకు వెళ్ళే తుప్పుపట్టిన షాఫ్ట్‌ను కిరోసిన్ పోసి విప్పుతున్నాడు. పక్కన కూర్చుని స్పానర్లు అందించే పని అక్కది. నన్ను మాత్రం వెనక చక్రానికి అడ్డంపెట్టిన రాయి దగ్గర కూర్చోబెట్టాడు.

"ఈ రాయినే సూస్తుండు బుజ్జీ. కదిల్తే గట్టిగా అరువు. మా ప్లాంటులో లోపలొకడు పన్జేస్తే బయటొకడు కాపలా ఉంటాడు."

"రాయినేటి సూసీది? నాకూ స్పానర్లియ్యి!"

"పన్నెండు నంబరుకీ పద్నాలుక్కీ తేడా తెలుసేటి నీకు?" అని అక్క నవ్వింది.

గ్రీజు అంటిన అక్క చేతులు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఉండబట్టలేక రెండుసార్లు రాయిని వదిలేసి, అటు వెళ్ళి వంగి చూశాను.

మొన్న ఆ మెకానిక్కే చెప్పాడు. ఆ కాలపు జీపులకు షాఫ్ట్ విప్పేస్తే గేరూ, హ్యాండ్‌బ్రేకూ రెండూ పనిచేయవట. బండిని ఆపేది ఆ రాయొక్కటేనట.

నాన్న అక్కకు స్పానర్లిచ్చాడు. నాకు తననే అప్పజెప్పాడు. నేను రెండుసార్లు లేచి వెళ్ళిపోయాను.