హౌజు గోడ మీది సగం పువ్వులు

మా డ్రాయింగు సారు పోయారు. మొన్న యరమరస్ కరెంటు ప్లాంటులో డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడ్డప్పుడు కబురొచ్చింది. ఏడుపొచ్చిన మాట నిజమే. కానీ ఆయన గురించి చెప్పబోతే నాకు హుషారే వస్తుంది, ఏం చేయను!

రాయచూరులో మాకు బడిలో బొమ్మలు నేర్పారు. ఆదివారమైతే తమ పేటలోని పాత మసీదుకు తీసుకెళ్ళేవారు. గోడ మీద చెక్కిన తీగల వెంట మా వేలు నడిపించి, "యాడ మొదలైందో చెప్పుండ్రి సూద్దాం" అనేవారు. మాకు దొరికేది కాదు. ఆయన పకపకా నవ్వేవారు. "దొరకదురా బేటా! అల్లా పనికి మొదలేంది, ఆఖరేంది!" జేబు నిండా సుద్దముక్కలు, చొక్కా మీద పాన్ మరక. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే నీళ్ళతొట్టి, అదే హౌజు, గట్టున కూర్చుంటే ఇక లేచేవారు కాదు.

ఆ హౌజులోంచే గోడ లేస్తుంది. హౌజు అంచు ఎత్తున గోడ మీద వరసగా సగం పువ్వులు. పై రేకులే ఉంటాయి, కింద తెగ్గోసినట్టుంటుంది. హౌజు పగుళ్ళిచ్చి, మా చిన్నప్పటినుంచీ నీళ్ళు ఎక్కడో అడుగున ఉండేవి. పాతకాలపు మేస్త్రీ పని మధ్యలో వదిలేశాడనే అందరమూ అనుకున్నాం.

పోయినేడు మసీదు కమిటీవాళ్ళు హౌజు పూడ్చి కొళాయిలు పెట్టాలనుకున్నారు. మొరం ట్రాక్టరు గేటు దాకా వచ్చేసింది. సారు చేతికర్రతో దానికడ్డంగా నిలబడ్డారు!

"మాస్టర్ సాబ్, కారే హౌజు ఎందుకు? ఆ పూలు గూడ అధూరానే గద, సగం సగం" అని కమిటీ పెద్ద విసుక్కున్నాడు.

"అధూరా ఎట్లయితది భాయ్? అంచు దాంక నింపింది ఎవరన్న సూసిండ్రా? ఒక్కసారి నింపుండ్రి. ఏం గాకుంటే నేనే మొరం పోస్త."

పాత శిష్యులమంతా దిగాం. సున్నంతో పగుళ్ళు పూశాం, ఆరాక నీళ్ళ ట్యాంకరు తెప్పించాం. సారు కూర్చోరు, నిలబడరు! "ఇంకా రానియ్, ఇంకా రానియ్!" అంటూ పైపు పట్టుకున్నవాడి ప్రాణం తీశారు. నిజం చెప్పొద్దూ, నాకైతే భయమే. ఏమీ కాకపోతే హౌజూ పోతుంది, నలుగురిలో సారు పరువూ పోతుంది.

నీళ్ళు అంచు తాకి నిలిచాయి. అబ్బ, మీరు చూడాలి! పై రేకుల నీడే కింది రేకులై నీళ్ళలో విచ్చుకుంది. వరస మొత్తం నిండు పువ్వులే!

"సుభానల్లా" అన్నాడు కమిటీ పెద్ద. ట్రాక్టరును తనే వాపసు పంపించాడు. సారు నా వీపు మీద ఒక్కటి చరిచారు. "సూసినవారా? మేస్త్రీ సగమే చెక్కి, మిగిలింది నీళ్ళకు ఇడిసిండు. ఎంత నమ్మకముంటే గట్ల ఇడుస్తడు!"

నిన్న సారు జనాజా నమాజుకు మసీదు కిక్కిరిసింది. జనం గట్టు మీద కూర్చుని హౌజులో చేతులు ముంచుతుంటే నేనో పక్కన నిలబడి చూశాను. చెయ్యి పడ్డచోటల్లా పువ్వులు చెదిరిపోయాయి. అందరూ లేచి లోపలికి వెళ్ళారు. నీళ్ళు మెల్లగా నిమ్మళించి, రేకుకు రేకు వచ్చి కలిసింది.