ట్రేలో పదకొండు బన్నులు

ఫుట్‌బాల్లో బేకరీ జట్టు తొలి గెలుపు లాండ్రీ జట్టు మీద, ఒకటి–సున్నా. వినడానికి చిన్న అంకెలాగే ఉంటుంది. ఆ ఒక్కటి కోసం బేకరీ మాస్టరు ఎంత నీరసించాడో ఆయన గొంతుకే తెలుసు. అంతకుముందు రెండు సీజన్లు ఆ జట్టు ఓడని ఆదివారం లేదు. ప్రెస్సు వాళ్ళు ఓడించారు, టైర్ల షాపు వాళ్ళు ఓడించారు. ఒకసారి ఎదుటి జట్టులో ఇద్దరు రాకపోతే మిగిలిన తొమ్మండుగురే ఓడించి, వెళ్తూ వెళ్తూ మన బేకరీలోనే బ్రెడ్డు కొనుక్కుని మరీ వెళ్ళారు. అలాంటి జట్టును ఒడ్డున పడేసిన మనిషి మన మాస్టరు. మనం మరిచిపోయినా ఆయన మరిచిపోనివ్వడు.

ఆయన సాధించినది ఇదొక్కటేనా అంటే, కాదు. తలుపులు మూసి బూజు పట్టిన బేకరీని మళ్ళీ తెరిపించింది ఆయనే. వాననీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చిన రోజున కూడా బల్లల మీద బల్లలు పేర్చి బ్రెడ్డు ఆగకుండా చూసింది ఆయనే. ఓవెన్‌కు వీపు తిప్పి నిలబడి, ఏ ట్రే మాడబోతోందో వాసనతో చెప్పేస్తాడు. ఆటగాడన్నవాడే లేని చోట జట్టును పుట్టించిందీ ఆయనే. ఓవెన్ దగ్గర పనిచేసే అతన్ని గోల్‌కీపరును చేశాడు, మంటకు బెదరనివాడు బంతికేం బెదురుతాడని. బ్రెడ్డు ట్రేలు సైకిలు మీద కట్టుకుని ఊరంతా తిరిగే ఎడమకాలివాటం కుర్రాడిని మైదానం ఎడమ అంచున, వింగులో పెట్టాడు. అతన్ని అందరూ సైకిలు అనే పిలుస్తారు. ప్యాకింగు అతను, కేకులకు పూలు వేసే అతను, ఇలా ఒక్కొక్కరినీ చూసి, తూచి, చోటు చూపించాడు.

తనకు మాత్రం చోటు చూసుకోలేదు. ముందే పట్టేసుకున్నాడు.

జట్టు పుట్టిన నాటి నుంచీ మాస్టరు ఫార్వర్డు. తొమ్మిదో నంబరు చొక్కా. నడుము చుట్టూ ఎంత పిండి ఉందో పొట్టలోనూ అంతే ఉన్నట్టు కనిపించే మనిషి, నడివయసు దాటినవాడు, గోలు ముందు నిలబడి "ఇటివ్వండ్రా, నాకివ్వండ్రా!" అని అరుస్తూ ఉంటాడు. ఇస్తారు. బంతి వచ్చేసరికి ఆయన బయలుదేరుతాడు. ఆయన చేరేసరికి బంతి వెళ్ళిపోయి ఉంటుంది. ఇన్ని సీజన్లలో ఆయన ఖాతాలో ఉన్నవి రెండు గోల్సు. ఒకటి పెనాల్టీ. రెండోది, ఎవరో కొట్టిన బంతి ఆయన వీపుకు తగిలి లోపలికి పోయింది. ఆ రెండో దాని గురించి చెప్పేటప్పుడు ఆయన వీపును కాస్త వెనక్కి విరిచి చూపిస్తాడు, కావాలనే కొట్టినట్టు.

ఆ తొలి గెలుపు కథ కూడా ఇలాంటిదే. మాస్టరు ఫార్మేషన్ చెప్పేది పిండి బల్ల దగ్గర, ఖాళీ ట్రేలో బన్నులు పేర్చి. గోలు దగ్గర ఒకటి, వెనక నాలుగు, మధ్యలో నాలుగు, ముందు రెండు. ముందున్న రెండింటిలో ఒకదాని మీద నువ్వులు ఉంటాయి. అది మాస్టరు. మిగిలిన పదీ మామూలు బన్నులు. లాండ్రీ ఆటకు ముందు మాస్టరు ఓవెన్ వైపు నిలబడి ట్రే సర్దాడు. సైకిలూ, ప్యాకింగు అతనూ బల్లకు ఎదురుగా నిలబడి చూశారు. మాస్టరుకు ఎడమన కనిపించిన బన్ను సైకిలుకు కుడిచేతి వైపు కనిపించింది. ప్యాకింగు అతనికి కుడిదేమో ఎడమన. ఇద్దరూ అలాగే వెళ్ళి మైదానంలో తారుమారుగా నిలబడ్డారు.

మాస్టరు అరిచాడు. ఎవరికీ వినపడలేదు. ఎడమకాలివాటం సైకిలు కుడి అంచు నుంచి బంతి తీసుకుని లోపలికి తిరిగాడు, అనుకోకుండా ఎడమకాలికి గోలంతా ఎదురుగా కనిపించింది, కొట్టాడు. అంతే. లాండ్రీ వాళ్ళు నోరు వెళ్ళబెట్టారు. మాస్టరు చేతులు నడుం మీద పెట్టుకుని, "చూశారా! రెండో సగంలో వేద్దామనుకున్న ఎత్తు, ముందే వేశా!" అన్నాడు.

నిజం తెలిసింది ఒక్కరికే, కౌంటరు దగ్గర కూర్చుని ట్రే వైపే చూస్తున్న ఆయన భార్యకు. ఆవిడ అలాంటివి దాచుకుని అవసరానికి తీసే మనిషి.

ఆ అవసరం ఈ సీజన్ చివర్లో వచ్చింది.

మైదానం ఒక్కటే, జట్లు చాలా. అందుకని అక్కడ ఈ ఏడాది నుంచి ఒక కట్టుబాటు పెట్టారు. సీజన్ ఆఖరున అడుగున మిగిలిన రెండు జట్లు ఆడాలి, ఓడిన జట్టు తన ఆదివారం సాయంత్రాన్ని వదులుకోవాలి. ఆ తర్వాత ఏడాదంతా వాళ్ళకు మైదానం లేదు. ఈసారి అడుగున మిగిలింది బేకరీ, ఐసు ఫ్యాక్టరీ. వారమంతా పిండి, పొగ, ఓవెన్ వేడి. ఆ ఒక్క సాయంత్రమే బేకరీ వాళ్ళకు గాలి తగిలేది. అది పోతే ఆదివారం ఏం చేస్తారో వాళ్ళకే తెలియదు. మాస్టరైతే అన్నం కూడా సరిగా తినడం లేదు.

ఆట నాటి మధ్యాహ్నం షట్టరు సగం దించి, అందరూ పిండి బల్ల చుట్టూ చేరారు. మాస్టరు ట్రే పెట్టాడు. ఈసారి అందర్నీ తన వైపే నిలబెట్టుకున్నాడు. దాంతో ఓవెన్‌కూ బల్లకూ మధ్య ఊపిరాడనంత ఇరుకు.

"నువ్వు ఇక్కడ. నువ్వు ఇక్కడ. గుండ్రాయ్, నువ్వు ఇదిగో, వెనక మధ్యలో. కదలొద్దు. ఎవడొచ్చినా గుద్దేయ్."

గుండ్రాయి అంటే మాస్టరు బావమరిది. బేకరీలో పిండి కలిపేది ఇతనే. ఒళ్ళు కొండలా ఉంటుంది, మనసేమో పిండి ముద్ద. ఆకారం చూసి మాస్టరు డిఫెన్సులో పెట్టాడు. ఇతనేమో ఎదుటి వాడు బంతితో వస్తుంటే పక్కకు తప్పుకుని, వాడు పడిపోతే చెయ్యిచ్చి లేపి, దుమ్ము కూడా దులుపుతాడు. పోయిన ఆదివారం అలా లేపిన వాడే లేచి వెళ్ళి గోలు కొట్టాడు.

"బావా, నా వల్ల కాదు బావా. గుద్దాలంటే చెయ్యి రాదు."

"చెయ్యి కాదురా, భుజంతో!"

"అదీ రాదు."

"మరేం వచ్చురా నీకు?"

గుండ్రాయి ముఖం చిన్నబోయింది. "వచ్చిన బంతి పట్టుకోవడం వచ్చు. ఎవరు తోసినా కదలను. కావాలంటే పక్కవాడికి ఇస్తాను. వెనక అవేం పనికిరావంటావుగా."

"పనికిరావు," అని తేల్చేసి మాస్టరు సైకిలు బన్నును సర్దడంలో పడ్డాడు.

గుండ్రాయికి దిగులు పుడితే ఆకలేస్తుంది. చెయ్యి దానంతటదే ట్రే మీదికి పోయింది. ఏదో ఒక బన్ను తీసి, రెండుగా విరిచి, నోట్లో పెట్టుకున్నాడు. అందరి చూపూ అతని నోటి మీదికి తిరిగింది. అతని పెదవికి నువ్వు గింజ ఒకటి అంటుకుని ఉంది.

"ఒరేయ్!" అన్నాడు మాస్టరు. "నన్ను తినేశావురా!"

సైకిలు నవ్వు ఆపుకోలేక పిండి డబ్బా వెనక్కి తిరిగాడు. గోల్‌కీపరు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. గుండ్రాయి నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తెలియక గుడ్లు మిటకరించాడు.

"మింగరా, పరవాలేదు," అంది వాళ్ళక్క. కౌంటరు వదిలి వచ్చి బల్లకు ఎదురుగా నిలబడింది. చేతులు కొంగుకు తుడుచుకుని, ట్రేలో వెనక మధ్యలో ఉన్న గుండ్రాయి బన్నును తీసి, నువ్వుల బన్ను ఖాళీ చేసిన చోట పెట్టింది. "తిన్నవాడే ఆ చోట నిలబడాలి."

"నీకేం తెలుసే ఆట గురించి?" అన్నాడు మాస్టరు.

"ఆట తెలియదండీ. మా తమ్ముడు తెలుసు. వాడు గోలుకు వీపు పెట్టి నిలబడితే ఐసు దిమ్మలు మోసే వాళ్ళు కూడా కదిలించలేరు. బంతి దాచుకునే బుద్ధి లేదు, పక్కన సైకిలుంటే సైకిలుకే ఇస్తాడు. మీకు కావలసింది అదే కదా?"

"మరి నేనో?"

"మీరు వాడి కడుపులో ఉన్నారు కదండీ."

ఈసారి ఎవరూ ఆపుకోలేదు. ట్రే కూడా కదిలిపోయింది.

మాస్టరుకు మాత్రం నవ్వు రాలేదు. ట్రే వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళలో ముందు తాను లేని ఫార్మేషన్ చూడడం ఆయనకు అదే మొదటిసారి. చూస్తుంటే, పాడు, బాగానే ఉంది. గుండ్రాయి బన్ను ముందు, దానికి కుడిపక్కన సైకిలు. ఎటొచ్చీ వెనక మధ్యలో ఖాళీ. అక్కడ నిలబడేవాడికి పరుగు అక్కర్లేదు, ఆటంతా కళ్ళ ముందే ఉంటుంది, అవతలివాడు ఎటు తిరగబోతున్నాడో ముందే పసిగట్టి మిగతావాళ్ళకు అరిచి చెప్పాలి. అరవడం.

"అక్కడ ఎవరు?" అన్నాడు, తెలిసే.

"ఈ బేకరీలో రోజంతా అరిచేది ఎవరు మాస్టర్?" అన్నాడు గోల్‌కీపరు, చాలా మర్యాదగా.

"తొమ్మిదో నంబరు చొక్కా?"

"వాడికి పట్టదు," అంది భార్య. "అది మీరే వేసుకోండి. వెనక నిలబడి వేసుకుంటే ఎవరొద్దన్నారు? లాండ్రీ ఆటలో సైకిలు అటు నిలబడింది మీ ఎత్తేనని ఇన్నాళ్ళూ నేను ఒప్పుకోలేదూ? ఇదీ మీ ఎత్తే అని ఒప్పుకుంటాను."

మాస్టరు ఉలిక్కిపడి ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ కళ్ళు బల్ల ఎదుటి వైపు నుంచి నవ్వుతున్నాయి. ఇక ఆయన కుక్కిన పేనై, పక్క ట్రేలోంచి ఇంకో నువ్వుల బన్ను తెచ్చి, వెనక మధ్యలో పెట్టాడు. పెట్టిన చెయ్యి దాని మీద నుంచి తీయడానికి కాస్త సేపు పట్టింది.

ఆ సాయంత్రం మైదానం చుట్టూ జనం బాగానే చేరారు. బేకరీ మాస్టరు వెనక నిలబడడం చూసి ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు కాలు విరిగిందేమో అనుకున్నారు. కాసేపటికే సంగతి అర్థమైంది. "ఎడమకు రా! వాణ్ణి వదలకు! ఇప్పుడు తిరుగుతాడు చూడు, ఇప్పుడు!" అని ఆయన అరవడం, ఎదుటివాడు అటే తిరగడం, అక్కడ మనవాడు ఉండడం. ముందేమో గుండ్రాయి కొండలా నిలబడ్డాడు. బంతి ఛాతీ మీద పడితే పిండి ముద్దలా అక్కడే ఆగింది. ఇద్దరు వెనక నుంచి తోశారు. అతను "అయ్యో, చూసుకోండి" అన్నాడు తప్ప కదల్లేదు. మూడుసార్లు సైకిలుకు ఇచ్చాడు. రెండుసార్లు సైకిలు పాడుచేశాడు. మూడోది వలలోకి వెళ్ళింది.

ఆట ముగియవచ్చే వేళకు ఐసు ఫ్యాక్టరీ వాడు ఒకడు గోల్‌కీపరును కూడా దాటించి బంతిని నెట్టాడు. అందరూ అయిపోయిందనుకున్నారు. మాస్టరు మాత్రం అప్పటికే గీత మీద ఉన్నాడు. పరుగెత్తి వెళ్ళలేదు, వాడు తన్నకముందే నడిచి వెళ్ళాడు. వచ్చిన బంతికి పొట్ట అడ్డం పెట్టాడు. అది ఎగిరి అవతల పడింది. ఆయన గుర్తుండిపోయే పని ఏదైనా చేశాడంటే అదే, పైగా ఈసారి వీపుకు తగిలింది కాదు.

ఒకటి–సున్నా. ఆదివారం సాయంత్రం బేకరీదే.

మాస్టరు కాలు నిజంగానే విరిగింది, కానీ ఆటలో కాదు. గెలిచిన సంబరంలో అందరూ కలిసి మాస్టరును పైకెత్తారు. గుండ్రాయి ఒక వైపు, మిగిలిన జట్టంతా ఇంకో వైపు. గుండ్రాయి వైపు బాగానే లేచింది. ఇంకో వైపు లేవలేదు. మాస్టరు ఆ ఏటవాలున జారి చీలమండ మీద పడ్డాడు. పడుతూ కూడా, "ఎత్తేటప్పుడైనా ఎవడెక్కడ నిలబడాలో చూసుకోవద్దురా!" అని అరిచాడట.

ఇప్పుడు కట్టు కట్టిన కాలు మైదా బస్తా మీద పెట్టుకుని, ఒళ్ళో ట్రే పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఓవెన్ పక్కనే కాబట్టి వాసన కూడా తప్పిపోవడం లేదు. ఎవరైనా బ్రెడ్డు కొనడానికి వస్తే ముందు ఐసు ఫ్యాక్టరీ ఆట వినాలి, తర్వాతే బ్రెడ్డు. బావమరిదిని ముందు పెట్టాలన్నది తన ఆలోచనే అని చెబుతున్నాడు. కౌంటరులో ఆవిడ "అవునండీ, ఆయనదే" అంటోంది, చిల్లర ఇస్తూ.

నిన్న గుండ్రాయి పిండి కలుపుతూ, తల ఎత్తకుండానే అడిగాడు. "బావా, కట్టు విప్పాక నువ్వు మళ్ళీ ముందుకొస్తావా? వస్తానంటే నేను తప్పుకుంటా. నిజంగా."

మాస్టరు ఒళ్ళో ట్రే వైపు చూశాడు. ముందు గుండ్రాయి బన్ను ఉంది. వెనక మధ్య చోటు ఖాళీగా ఉంది, ఆయన లేని ఆటలకు ఎవర్ని పెట్టాలో ఇంకా తేలలేదు. జేబులోంచి నువ్వుల బన్ను తీసి, ఆ ఖాళీలో పెట్టి, వేలితో కాస్త లోపలికి నొక్కాడు.

"నీ చోటు వదిలావంటే చూడు," అన్నాడు. "ఇది తినకు."

మాస్టరు మళ్ళీ మైదానంలో దిగేది సెప్టెంబరు ఇరవై రెండు, ఆదివారం సాయంత్రం.