పురట్టాసి శనివారం బిస్కెట్లు

ఆదివారం పూట మాంసం కూరకని మా కోడలు బాణలిలో దాల్చిన చెక్క వేయించడం మొదలుపెడితే ఇంట్లో అందరికీ కూర గుర్తొస్తుంది. నాకు మాత్రం నోట్లో తీపి తగులుతుంది. కూర్చున్న చోటు నుంచే వెన్న గిన్నె ఎక్కడుందా అని చూస్తాను. ముసలిదానికి మతి తప్పిందని మనవళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ళకు పాపమ్మత్త తెలియదు. తెలిసి ఉంటే నోరు మూసుకుని ఓ మూల కూర్చునేవాళ్ళు, ఎందుకంటే పొయ్యి దగ్గర ఆమె ఎదుట నవ్వే ధైర్యం నాకే ఉండేది కాదు.

మాది అరవ దేశంలోని ధర్మపురి, ఇంట్లో మాత్రం తెలుగే. నేను చెబుతున్నవి యుద్ధం నాటి రోజులు. పాపమ్మత్త మా తాతకు వరసకు తమ్ముడి కూతురు, అందుకని నాకు అత్త. చిన్న వయసులోనే మొగుడు పోయాడు. పుట్టింట్లో వదినల చేతి కూడు తినడం ఇష్టం లేక ఏర్కాడు కొండ మీద ఒక కాఫీ తోట దొర ఇంట్లో వంటకు చేరి, ఇరవై ఏళ్ళు అక్కడే ఉండిపోయింది. దొర తోట అమ్ముకుని వెళ్ళిపోయాక ఒక రేకు పెట్టె, ఒక చాప పట్టుకుని మా గడపలో దిగింది. మా అవ్వ ఆమెకు పెరట్లో గది ఇచ్చింది, రాగులు ఇచ్చింది, కట్టుకోను చీరలు ఇచ్చింది. కానీ ఆమె చేతి నీళ్ళు మాత్రం ముట్టలేదు. దొరల ఎంగిలి కడిగిన చెయ్యి, అక్కడ ఏమేం మాంసాలు కోసిందో ఆ చెయ్యి అని అవ్వ పట్టింపు. "ఉండమన్నాను గాని వండమన్లేదు" అని వీధిలో అందరికీ వినబడేలాగే చెప్పేది. వీధి ఆడవాళ్ళూ అవ్వ దారినే నడిచారు. ఇరవై ఏళ్ళు వంట చేసి బతికిన మనిషి తన పొయ్యి మీద తన ఒక్కదానికే ఇంత సంగటి కెలుక్కుని తినేది.

నాకప్పుడు పదహారేళ్ళు. బడి మాన్పించారు, పెళ్ళి ఇంకా కుదరలేదు, చేతినిండా తీరిక. ఆ రోజుల్లో రేషన్‌లో బియ్యం చాలక గోధుమలు ఇవ్వడం మొదలుపెట్టారు. రాగులు తిని పెరిగిన మాకు వాటిని ఏం చెయ్యాలో అంతుబట్టలేదు. పక్కింటి రాజమ్మ అన్నంలాగా ఉడకబెట్టి మొగుడితో తిట్లు తినింది. మా అవ్వ కోళ్ళకు వేసింది. అది చూసి పాపమ్మత్త గోధుమలు గుప్పెడు తీసి అరచేతిలో పొర్లించి, "దీంతో పట్ట బిస్కత్తు చేసిపెడితే మా దొరసాని రెండు దినాలు ఎవురినీ తిట్టేది కాదు" అంది. దాల్చిన చెక్కను మా వైపు పట్ట అంటారు. అది మాంసం మసాలాలో వేసే వస్తువు. దానితో తీపి చేస్తారన్న మాట నేను అప్పుడే విన్నాను. ఇక అత్త కొంగు వదల్లేదు.

"నేర్పిస్తాను, కానీ నువ్వు చేసింది నువ్వే తినాల. పారెయ్యకూడదు. యుద్ధం జరగతా ఉండాది" అంది అత్త.

ఆమెకు ఏ భాషలోనూ చదువు రాదు. ఆమె చెప్పిన తెలుగును నేను బడిలో నేర్చిన అరవ అక్షరాల్లో రాసుకున్నాను. గోధుమలు తిరగలిలో విసిరి, పాత పంచె గుడ్డలో జల్లించాలి. రేషన్ చక్కెర కొంత మెత్తగా దంచి వెన్నలో కలపాలి, కొంత పలుకుగా ఉంచి పట్ట పొడితో కలిపి పక్కన పెట్టాలి. పిండిని చిన్న ఉండలు చేసి ఆ పొడిలో దొర్లించి కాస్త అదమాలి. కాల్చడానికి దొరల పొయ్యి మాకెక్కడిది? వెడల్పాటి ఇనప చట్టిలో ఇసుక పోసి, మూడు రాళ్ళు పెట్టి, వాటి మీద బిస్కెట్ల పళ్ళెం దించి, మూత మీద కూడా నిప్పులు పొయ్యడమే. వేడి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి అత్త చట్టిలోకి చెయ్యి దూర్చి దొర కుక్కల పేర్లు చెప్పేది. "జిమ్మీ, రోజీ, టైగర్." టైగర్ దగ్గర చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపిస్తే వేడి సరి. రోజీ దగ్గరే లాక్కుంటే నిప్పులు తియ్యాలి. టైగర్ అయినాక కూడా చెయ్యి హాయిగా ఉంటే ఇంకా నిప్పులు కావాలి. నేను మొదటిసారి భయంతో జిమ్మీ దగ్గరే చెయ్యి తీసేశాను. "కుక్క నిన్ను కరిచిందా ఏమి?" అంది అత్త.

మొదటి విడత వెన్న కరగబెట్టి పోశాను. పళ్ళెంలో పన్నెండు బిస్కెట్లు పెడితే పళ్ళెమంత ఒకే దోసె బయటికి వచ్చింది. తిన్నాను. రెండో విడతకు పిండిని నాకు తెలిసిన పద్ధతిలో కలిపాను. సంగటి కెలికే ఇంటి పిల్లను, నడుము వంచి, పళ్ళు బిగించి, ఒక్క ఉండ మిగలకుండా పిసికి పిసికి పెట్టాను. అవి కాలి చల్లారాక ఒకటి చేతిలోంచి జారి గచ్చు మీద పడి ఠంగుమంది. దానికి ఏమీ కాలేదు.

"ఇదేమన్నా రాగి సంగటా పాపా, దాని మింద పగ తీర్చుకుంటా ఉండావు? బిస్కత్తు పిండిని బెదిరించకూడదు. ఊరికే దగ్గరికి తీసుకోవాల, అంతే" అంది అత్త. ఆమె వేళ్ళ కొసలతో పిండిని దగ్గరికి తీసుకునే తీరు చూస్తే, ఇరవై ఏళ్ళ పనితనం ఎవరికీ అక్కరలేకుండా ఆ పెరటి గదిలో పడి ఉందే అనిపించింది. ఆ రెండో విడత కూడా మూడు రోజుల పాటు నానబెట్టుకుని తిన్నాను.

అరవ నెలల్లో పెరుమాళ్ళకు ఇష్టమైన పురట్టాసి నెల వచ్చింది. ఆ నెల మా వీధిలో మాంసం ముట్టరు. శనివారాలైతే మరీ పట్టింపు, అందరూ నామాలు పెట్టుకుని, చెంబులు పట్టుకుని గోవిందా అంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడిగి పెరుమాళ్ళకు వండిపెడతారు. ఆ శనివారం అవ్వ వీధి ఆడవాళ్ళతో కలిసి గుడికి వెళ్ళింది. పాపమ్మత్త రేషన్ అంగడి దగ్గర వరసలో నిలబడ్డానికి పోయింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను. అత్త తిరిగొచ్చేలోపు నా అంతట నేనే చేసి చూపిద్దామన్న బుద్ధి పుట్టింది. అత్త గదిలో నిప్పులు రాజేసి అంతా ఆమె చెప్పినట్టే చేశాననుకున్నాను, ఒక్కటి తప్ప. పట్టను దంచే ముందు వేయించాను. మా ఇంట్లో ఏ మసాలా అయినా వేయించే దంచుతారు, వేయించకుండా దంచితే అవ్వ ఊరుకోదు. అలవాటు కొద్దీ బాణలి పెట్టి, వాసన బాగా రావాలని ఇంకో రెండు చెక్కలు ఎక్కువే వేసి, కమ్మగా, ఎర్రగా వేయించాను.

ఆ వాసన గదిలో ఆగలేదు, పెరట్లో ఆగలేదు, గోడ దాటి వీధిలో పడింది. బిస్కెట్లు కాలేసరికి అది ఇంకా చిక్కబడింది, సరిగ్గా అప్పుడే గుడి నుంచి నామాలు పెట్టుకున్న ఆడవాళ్ళందరూ వీధి మలుపు తిరిగారట. ముందు రాజమ్మ ఆగిపోయింది.

"అక్కా, కరికొళంబు వాసన గదా ఇది!" అని ముక్కు ఎగబీల్చింది. మాంసం పులుసును మా వాళ్ళు అరవంలో అట్లాగే అంటారు. "మీ ఇంట్లోంచే వస్తా ఉండాది!"

అవ్వ పెరట్లోకి వచ్చేసరికి రేషన్ సంచీతో పాపమ్మత్త కూడా వచ్చింది. నేను చట్టి దించి తలుపు వెనక దాక్కున్నాను.

"ఏమే పాపమ్మా! పురట్టాసి శనివారం నా ఇంట్లో కూర వండతావా? ఇన్నేండ్లు దొరల ఇంట్లో ఉండి పెరుమాళ్ళను కూడా మరిచినావా? మూట కట్టుకో. పొద్దు వాలకముందే నువ్వు ఈ ఇంట్లో ఉండకూడదు."

అత్త తల ఎత్తి గది వైపు చూసింది. తలుపు సందులో పిండి అంటిన నా చేతులు ఆమెకు కనబడ్డాయి. ఒక్క నిమిషం నా వైపు చూసి, అవ్వ వైపు తిరిగి, "తప్పయింది పెద్దమ్మా" అంది. అంతే. లోపలికి వచ్చి, నన్ను పలకరించను కూడా పలకరించకుండా చాప చుట్టడం మొదలుపెట్టింది. ఆమెకు పోవడానికి చోటు లేదని నాకు తెలుసు. పెన్నాగరంలో ఉన్న అన్నదమ్ములు ఆమెను గడప ఎక్కనియ్యరని తెలుసు. తెలిసి కూడా, చాప చుట్టడం పూర్తయ్యేదాకా నా నోరు పెగల్లేదు. ఇప్పటికీ ఆ కాసేపు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె తాడు కోసం వెతుకుతుంటే పళ్ళెం పట్టుకుని బయటికి పరిగెత్తాను.

"అవ్వా, నేనే! అత్త ఇంట్లోనే లేదు. నేనే చేసినాను!"

ఆడవాళ్ళందరూ పళ్ళెం చుట్టూ మూగారు. రాజమ్మ పళ్ళెం పైకెత్తి కింద కూడా చూసింది. "కూర యాడ?" అంది, నిరాశగా.

"ఇవి ఏమి? పిడకలా?" అంది అవ్వ.

"బిస్కత్తులు అవ్వా. గోధుమ పిండి, వెన్న, చక్కెర. గుడ్డు కూడా లేదు."

"మరి పట్ట యాల ఏసినావు?"

"దొరలు తీపిలోనే వేసుకుంటారంట."

"తీపిలో పట్టా! అందుకేనేమో వాళ్ళ రంగు అట్లా పోయింది." అవ్వ ఒకటి తీసి వాసన చూసింది, పక్కకు తిప్పి చూసింది, నన్ను చూసింది. "దీని మింద పాపమ్మ చెయ్యి పడలేదు గదా?"

"లేదవ్వా. అంతా నా చెయ్యే."

మనవరాలి చెయ్యి అయితే పట్టింపు లేదు. అవ్వ బిస్కెట్టు నోట్లో పెట్టుకుంది. పది మంది ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని ఆమె దవడ వైపే చూస్తున్నారు. ఉన్న నాలుగు పళ్ళతో ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పింది. కొరుకుడు పడలేదు. చప్పరించింది. చాలాసేపు చప్పరించి, చివరకు మింగి, ఇంకొకటి తీసుకుని గది వైపు తిరిగింది.

"ఏమే పాపమ్మా, చాప యాల చుట్టినావు? రాయి మాదిరి చేసింది గదా ఈ పిల్ల. సరిగ్గా నేర్పించకుండా యాడికి పోతావు?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక విచిత్రమైన ఏర్పాటు నడిచింది. పాపమ్మత్త గడపకు అవతల కూర్చుని కందికట్టెతో చూపిస్తూ చెప్పేది, నేను ఇవతల చేసేదాన్ని. పిండి మీద ఆమె చెయ్యి పడకూడదు. వారానికొకసారి అవ్వ వసారాలో కూర్చుని, మనవరాలి చేతి బిస్కెట్లని వీధంతా చెప్పుకుంటూ తినేది. రాజమ్మ కూడా తినేది. "నీకు కోపం రాదా అత్తా?" అని ఒకసారి అడిగాను. "నేను చెప్పింది తింటా ఉండారు గదా. చాలు" అంది. చాలలేదని నాకు తెలుసు. నేను పిండి కలుపుతున్నంతసేపూ ఆమె వేళ్ళు ఒడిలో వాటంతట అవే కదులుతుండేవి.

కొన్నేళ్ళకు నాకు పెళ్ళయి బొమ్మిడి పోయాను. దేశానికి స్వతంత్రం వచ్చిన మరుసటేడు అవ్వకు జబ్బు చేసింది. కూడు సయించడం లేదని కబురొస్తే వెళ్ళాను. అప్పటికి నాకు చెయ్యి తిరిగింది, గుల్లగా, సన్నగా చేసి పళ్ళెంలో పెట్టుకుని అవ్వ మంచం దగ్గర కూర్చున్నాను. పాపమ్మత్త ఎప్పట్లాగే గడపకు అవతల ఉంది. అవ్వ ఒకటి కొరికి, నమిలి, మిగిలిన ముక్క పళ్ళెంలో పడేసి పళ్ళెం పక్కకు నెట్టింది.

"నీవి ఎప్పుడూ ఇంతేనే. ఇన్నేండ్లు నీ మొగం చూసి తిన్నాను" అంది. "పో, దాన్ని చెయ్యమను. దాని చేత్తోనే చెయ్యమను."

నేను వెళ్ళి చూస్తే అత్త తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉంది. మోచేతుల దాకా కడుక్కుంది, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ కడుక్కుంది. "అట్లా నిలబడి చూస్తావేమి, నిప్పులు తీసుకురా పో" అని నన్ను కసిరింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా, నేను చేసినదానికంటే కోడలు చేసిందే బాగుందంటే, నాకు చిన్నతనమనిపించదు. ఆ రోజు పాపమ్మత్త తన చేత్తో చేసిన మొదటి విడతలో అవ్వ నాలుగు తినింది. పళ్ళెంలో మిగిలినవి కొంగున దాచుకుంది, నాకు ఒక్కటీ పెట్టలేదు.